వదిన చేతులు, సుక్కి పాలు

ఇంద్రేశం,
9-8-1996.

ఆడబిడ్డ సుమిత్రకు, నీ వదిన కౌసల్య ఎంతో ప్రేమతో రాస్తున్నది.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు అలగకు. అక్షరాలు కోడి గెలికినట్టు ఉన్నాయని నవ్వకు కూడా. కారణం కింద రాస్తాను.

ఇక్కడ వానలు ఆలస్యంగా పడ్డాయి, కానీ పడ్డాయి. మీ అన్న రోజూ పొద్దున్నే పటాన్‌చెరుకు, అదే ఫ్యాక్టరీకి, అదే బాయిలరు దగ్గరికి పోతున్నాడు. మీసాలకు కొత్తగా ఏదో నూనె తెచ్చుకున్నాడు. మన ఊరి చుట్టూ ప్లాట్లు కొడుతున్నారు. నిన్నటిదాకా జొన్న చేను ఉన్నచోట ఇవాళ తెల్ల రాళ్ళు పాతారు. బర్రెలు మేతకు పోవాలంటే ఇప్పుడు ఎవరెవరివో బెడ్‌రూములు దాటి పోవాలి, ఇంకా కట్టలేదు కాబట్టి సరిపోయింది.

ఇక నా సంగతి. రెండు నెలలుగా చేతుల్లో తిమ్మిర్లు. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళల్లో చీమలు పాకినట్టు ఉంటుంది. తెల్లవారి లేచేసరికి ఆ చేతులు నావి కావేమో అనిపిస్తుంది. గట్టిగా విదిలిస్తే కాసేపటికి మళ్ళీ నావవుతాయి. కుడి చెయ్యి మరీ మొండిది. ఒక్కోసారి నా మాట వినదు, చచ్చినట్టు పడి ఉంటుంది. మొన్న నిండు పాల సర్వ జారిపోయింది. కొట్టమంతా పాలే.

పక్కింటి ఆగమ్మ చూసి, "సలువ జేసింది పిల్లా, నువ్వుల నూనెల కర్పూరమేసి రుద్దు" అన్నది. రుద్దాను. ఒళ్ళంతా గుడి వాసన వచ్చింది గానీ చీమలు పోలేదు. వావిలాకు కాపడం పెట్టాను. పెట్టినంతసేపు హాయిగానే ఉంది. మన ఊరి డాక్టరు మొగులయ్య, "రక్తం తక్కువున్నది" అని ఎర్ర మందు ఇచ్చి, నడుముకు సూది వేశాడు. చేతికి తిమ్మిరంటే నడుముకు సూది ఎందుకో నాకు తెలియలేదు. ఇప్పుడు నడుము కూడా నొప్పి. వాగులో కంపెనీ నీళ్ళు కలిసినందుకే ఇట్లా అవుతుందని ఇంకొందరు.

మీ అన్నకు చెబితే, పేపరు మీంచి తల ఎత్తకుండా, "గట్లనే ఉంటది, అదే పోతది" అన్నాడు.

నాలుగు బర్రెల పాలు పిండాలి. పెద్దది సుక్కి నీకు తెలుసుగా, నేను కూర్చుంటే తప్ప చేపదు, ఒక్క చుక్క పాలు వదలదు. అది చేపకపోతే మిగతా మూడూ దాన్ని చూసి చేపవు. అందుకే ఇక ఉంటాను.

మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు. చేతిలోంచి కలం జారుతున్నది.

నీ వదిన,
కౌసల్య.


షోలాపూర్,
19-8-1996.

మా వదినకు కాళ్ళకు మొక్కి సుమిత్ర రాసేది.

వదినా, నువ్వు నడుస్తున్నావా? మాట సరిగ్గా వస్తున్నదా? మూతి ఒక పక్కకు పోలేదు కదా? వెంటనే రాయి.

నీ ఉత్తరం మా అత్తమ్మకు చదివి వినిపించాను. "కుడి చెయ్యి చచ్చినట్టు పడి ఉంటుంది" అనే దగ్గరికి రాగానే ఆమె శోకం అందుకుంది. "అయ్యో నర్సింహమ్మా, ఇంకేం వినవలె, అది పక్షవాతమే" అని తన పేరు తానే పెట్టి ఏడ్చింది. మా గల్లీలో ఒకాయనకు ఇట్లాగే వేళ్ళతో మొదలై సగం ఒళ్ళు పడిపోయిందట. నీ కుడి చెయ్యి బాగైతే తుల్జాపూర్ భవానీకి వెండి చెయ్యి చేయిస్తానని మొక్కుకుంది కూడా. మా ఆయన వెంకటేశం మాత్రం, "పాల సర్వ ఎత్తిందంటే పక్షవాతం గాదు" అన్నాడు. ఆయనకేం తెలుసు, చద్దర్ల మిల్లులో మగ్గం తప్ప?

వెల్లుల్లి పాయలు పాలలో ఉడికించి తాగు. ఇక్కడ అందరూ అదే చెబుతున్నారు.

ఇంకొకటి. "గట్లనే ఉంటది" అన్నాడా మా అన్న? నేను ఊరుకుంటానా? ఫ్యాక్టరీ అడ్రసుకే ఒక ఉత్తరం రాశాను. నా తోడబుట్టినవాడని చూడలేదు, కడిగిపారేశాను. "నీ మీసాలకు నూనె పెట్టుకోను టైముంది గానీ మా వదినను దవాఖానకు తీసుకపోను లేదా" అని రాశాను. నువ్వేమీ భయపడకు, నీ పేరు ఎక్కడా ఎత్తలేదు.

ఎడమ చేత్తోనైనా సరే రెండు ముక్కలు రాయి.

కళ్ళు కాయలు కాసేలా చూస్తూ,
సుమిత్ర.


ఇంద్రేశం,
6-9-1996.

నా ప్రాణం తీసే ఆడబిడ్డకు, నూరేళ్ళు చల్లగా ఉండమని దీవించి, కౌసల్య రాస్తున్నది.

నేను నడుస్తున్నాను. మూతి తిన్నగానే ఉంది. మాటకు ఏమీ కాలేదు, కావాలంటే మీ అన్నను అడుగు.

నా పేరు ఎత్తలేదన్నావు. మీసాల నూనె సంగతి ఆయనకూ నాకూ కాక ఇంకెవరికి తెలుసు, తల్లీ? నీ ఉత్తరం అందిన రోజు మీ అన్న చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో నిలబడ్డాడు. "నా మీద షోలాపూర్ దాక ఫిర్యాదు పోయిందానే?" అన్నాడు. నేను నవ్వాపుకోలేకపోయాను. దాంతో ఇంకా కోపం. "పక్షవాతమంట! నవ్వుతున్నవ్ ఏందే? రేపే సంగారెడ్డి దవాఖానకు నడువు" అన్నాడు. కోపంలోనైనా కదిలాడు. ఆ పుణ్యం నీదే.

నీకు రాయని సంగతి ఒకటుంది. నా వేళ్ళకు వేడి తగిలినా తెలియడం లేదని ఆగమ్మ ఎవరితోనో అన్నదట. అది ఊరంతా తిరిగి మహారోగమై నా ఇంటికి వచ్చింది. రెండిళ్ళవాళ్ళు మా దగ్గర పాలు మానేశారు. సుమిత్రా, పైకి నవ్వుతూనే ఉన్నాను గానీ చేతుల మీద మచ్చ ఏదైనా ఉన్నదేమో అని రోజూ వెలుగులో చూసుకునేదాన్ని.

దవాఖానలో డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మీ అన్న, "ఆమె ఏం పని జెయ్యదు డాక్టరమ్మా, ఇంట్లనే ఉంటది" అన్నాడు.

"బర్రెలున్నయా?"

"నాలుగున్నయి."

"పాలెవరు పిండుతరు?"

"గామెనే."

"ఎన్నేండ్ల నుంచి?"

మీ అన్న లెక్కపెట్టబోయి ఆగిపోయాడు. "లగ్గమైనప్పటి నుంచి" అన్నాడు, కొంచెం గొంతు తగ్గించి.

డాక్టరమ్మ నా కళ్ళు మూయించి దూదితో, సూది మొనతో చేతులంతా తాకి చూసింది. తగిలిన చోటల్లా చెప్పాను. బొటనవేలు దగ్గరా, పక్క వేళ్ళ దగ్గరా మాత్రం తడబడ్డాను. "మహారోగమా అమ్మా?" అని అడిగేశాను. "గాదమ్మా. అయినా అది మందులకు నయమైతది, దానికి గూడ గింత భయం వద్దు" అన్నది. తర్వాత రెండు చేతులూ వంచి, వెనకకు వెనక ఆనించి పట్టుకొమ్మన్నది. ఊపిరి నాలుగుసార్లు తీసేలోగా చీమలు మొదలయ్యాయి.

"చిటికెన వేలు మొద్దుబారుతదా?" అన్నది. ఆ వేలు ఎప్పుడూ బాగానే ఉంటుందన్నాను. ఆమె నవ్వింది. మణికట్టులో సన్నటి సందు ఉంటుందట. అందులోంచి ఒక నరం వేళ్ళకు పోతుంది. ఏళ్ళ తరబడి పిండీ పిండీ అక్కడ వాచి, ఆ నరం నలుగుతున్నదట. చిటికెన వేలి నరం వేరే దారిన పోతుంది కాబట్టి దానికి బాధ లేదు. "తిమ్మిర్లన్నీ ఇదే అనుకోవద్దు. షుగరున్నా వస్తయి, థైరాయిడ్ ఉన్నా వస్తయి, మెడ దగ్గర నరం ఒత్తుకున్నా వస్తయి" అని రక్తం కూడా తీయించింది. అవన్నీ బాగానే ఉన్నాయి.

మందేమిటంటే, పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోవాలి. రెండు నెలలు పాలు పిండకూడదు. అప్పటికీ తగ్గకపోతే మణికట్టుకు సూది, ఆ తర్వాత చిన్న ఆపరేషను.

పట్టీ సరే. పాలు పిండకుండా ఎట్లా? పోతిరెడ్డిపల్లికి ఇచ్చిన మన బిడ్డ వచ్చి కూర్చుంటే సుక్కి ఒక్క తన్ను తన్నింది. ఆగమ్మ, తాను అన్న మాటకు సిగ్గుపడి, సాయానికి వచ్చింది. ఆమెనూ తన్నింది. అది మాత్రం నేను కాదనలేదు. పిండకపోతే పొదుగులు గట్టిపడి జ్వరాలు వస్తాయి, పాలు ఎండిపోతాయి. అందుకే దొంగతనంగా నేనే పిండుతున్నాను. మీ అన్న చూసి, "ఇగ లాభం లేదు, అమ్మేద్దాం" అని సదాశివపేట పశువుల అంగడి బేరగాడికి కబురు పెట్టాడు. వచ్చే శుక్రవారం వస్తాడట.

సుక్కి మా అమ్మ ఇచ్చిన బర్రెకు పుట్టింది. కొట్టంలో దాని పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను. అది నా కొంగు నములుతూ నిలబడింది.

వెండి చెయ్యి ఒకటి చాలదు, రెండు చేతులవీ చేయించమని మీ అత్తమ్మకు చెప్పు.

ప్రేమతో,
వదిన.


షోలాపూర్,
25-9-1996.

వదినకు సుమిత్ర రాసేది.

దండాలు పెట్టే ఓపిక కూడా లేదు. ముందు ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. మా అన్నకు ఏమైంది?

పక్షవాతం కాదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను, బర్రెలు అమ్ముతున్నారని తెలిసి కన్నీళ్ళు పెట్టుకున్నాను. జవాబు రాద్దామని కూర్చుంటే మన ఊరి లారీ యాదన్న వచ్చాడు. చద్దర్ల లోడుకు వచ్చాడట. చాయ్ ఇచ్చి, అన్న ఎట్లా ఉన్నాడని అడిగాను. అతను కప్పు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, "చెల్లే, చెప్పవలెనో లేదో. మీ అన్న చీర కడుతున్నడు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏం చీర?" అన్నాను.

"ఆకుపచ్చ చీర. నెత్తి మీద కొంగేసుకొని కొట్టంలకు పోతుంటే నా కండ్లతోని చూసిన. వదినెనేమో అని దండం బెట్టిన. కొంగు కింద మీసాలు గనబడ్డయి" అన్నాడు.

మా అత్తమ్మ విని దీపం ముట్టించింది. ఎల్లమ్మ తల్లి ఒంటి మీదికి వచ్చి ఉంటుందట, తల్లి కోరుకున్న మగవాళ్ళు చీర కడతారట. మా ఆయన పక్కగదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. నవ్వడానికే పోయాడు, నాకు తెలుసు.

వదినా, కోపం చేసుకోకు. మా అన్న పంచె అంచు నలిగితేనే బయటికి పోని మనిషి. బాయిలరు దగ్గర మగవాళ్ళ మధ్య తలెత్తుకు తిరిగే మనిషి. బర్రెలు అమ్ముతానన్నాడని నువ్వు ఏమైనా పంతం పట్టి ఇట్లా చేయించావా? నేను రాసిన ఉత్తరానికి మనసు విరిగిపోయిందా? తాగుడు ఏమైనా మొదలుపెట్టాడా? నీ మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా ఆయన నా అన్న. ఆయన నలుగురిలో నవ్వులపాలైతే నేను సహించలేను.

సెలవు దొరికితే దసరాకు వస్తున్నాము. అంతవరకు ఆయనను బయటికి పంపకు.

సుమిత్ర.


ఇంద్రేశం,
4-10-1996.

కోపంలో దండాలు మరిచిపోయిన ఆడబిడ్డకు, ఏ కోపమూ లేని వదిన రాస్తున్నది.

ముందు ఒక మాట. మీ అన్న నిక్షేపంగా ఉన్నాడు. తాగడం లేదు. ఎల్లమ్మ తల్లి రాలేదు. నేను కట్టించలేదు. ఆయనే కట్టుకున్నాడు.

శుక్రవారం బేరగాడు వచ్చాడు. సుక్కి చుట్టూ తిరిగి, నోరు తెరిచి పళ్ళు చూసి, పొదుగు మీద చెయ్యి వేశాడు. సుక్కి అతన్ని కుడితి తొట్టిలో కూర్చోబెట్టింది. అతను లేచి బట్టలు పిండుకుంటూ, "గిది పాల బర్రె గాదు, కోతకు పోయే బర్రె. గట్లయితెనే తీస్క పోత" అన్నాడు.

మీ అన్న నా వంక చూశాడు. నేను పోయి సుక్కి మెడ పట్టుకున్నాను. ఆయన బేరగాడి సంచీ తీసి చేతికిచ్చాడు. "మా ఇంట్ల పుట్టిన పాణం. నువ్ నడువన్నా" అన్నాడు. అంత కరకుగా ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు, నాతో తప్ప.

ఆ సాయంత్రం తానే పిండుతానని కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో చేరిన నాడు పేడ తట్ట దించినవాడు మళ్ళీ కొట్టంలోకి రావడం అదే మొదలు. లుంగీతో కూర్చుంటే తన్నింది. ఫ్యాక్టరీ ప్యాంటుతో కూర్చుంటే ఇంకా గట్టిగా తన్నింది. బాయిలరు వాసన దానికి పడలేదు. దాణా పెట్టాడు. మెడ కింద గోకాడు. "తల్లీ, జెర చేపు" అని బతిమాలాడు. ఇంటి ఆడదాన్ని ఒక్కనాడూ అట్లా బతిమాలి ఎరగడు. అది దాణా అంతా తిని పాలు ఎగబట్టింది.

ఆగమ్మ గోడ మీంచి చూస్తూ, "ఓ కొమురన్నా, దానికి కౌసల్య వాసన గావాలె. గామె చీర కట్టుకో, చేపుతది. మా తాత గట్లనే జేసేటోడు" అన్నది. ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ తాతకు మీసాలుండెనా?" అని అరిచి లోపలికి వచ్చేశాడు. రెండు రోజులు ఆగమ్మతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నేనే పిండాను. రెండో రోజు పిండుతుంటే చేతులు పూర్తిగా మొద్దుబారి, సర్వ ఎత్తలేక అక్కడే కూలబడ్డాను. ఆయన వచ్చి సర్వ ఎత్తాడు. నా రెండు చేతులూ తీసుకొని కాసేపు అట్లాగే పట్టుకున్నాడు.

మరునాడు పొద్దున నేను లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. కొట్టంలోంచి ఎవరో సన్నటి గొంతుతో, "దా సుక్కమ్మా, దా తల్లీ" అంటున్నారు. నా మాటే, కానీ నా గొంతు కాదు. వెళ్ళి తడిక సందులోంచి చూశాను. సుమిత్రా, మీ అన్న ప్యాంటు మీద నా ఆకుపచ్చ చీర చుట్టుకొని, తల మీద కొంగు కప్పుకొని, సుక్కి కింద గొంతుకూర్చుని ఉన్నాడు. సుక్కి వెనక్కి తిరిగి ఒకసారి కొంగు వాసన చూసింది. ఇంకొకసారి మీసాల వాసన చూసి తుమ్మింది. తర్వాత ఏమనుకుందో ఏమో, చేపింది. మిగతా మూడూ చేపాయి.

ఆయన సర్వతో బయటికి వస్తూ నన్ను చూశాడు. "సుమిత్రకు రాసినవంటే సూడు మల్ల" అన్నాడు. నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అందుకే నీకు రాయలేదు. ఇప్పుడు యాదన్న నోట విన్నావు కాబట్టి ఒట్టు చెల్లిపోయింది.

నవ్వులపాలు అన్నావు. నిజమే, ఫ్యాక్టరీకీ తెలిసిపోయింది. షిఫ్టులో ఒకడు "కొమురమ్మా" అని పిలిచాడట. మీ అన్న ఏమన్నాడో తెలుసా? "నా పెండ్లాం చేతులు పోతున్నయి. నీ పెండ్లాం చేతులు ఎట్లున్నయో ఇంటికి పోయి అడుగు" అన్నాడట. మరునాడు అతను ఎదురొచ్చి, తన భార్యకూ చేతుల్లో తిమ్మిర్లు ఉన్నాయనీ, ఏ డాక్టరమ్మ దగ్గరికి పోయారనీ అడిగాడట. ఆమె రోజూ పూసల దండలు గుచ్చుతుందట.

ఇంకా ఒకటి రాసి ముగిస్తాను. పిండడం మొదలుపెట్టిన నాలుగో రోజు ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేకపోయాడు. వేళ్ళు ముడుచుకోవడం లేదు. "నాలుగు దినాలకే నాకు గిట్లున్నది. గిన్నేండ్లు ఎట్ల పిండినవే?" అన్నాడు. నేను ముద్ద కలిపి ఆయన చేతిలో పెట్టాను. నా తిమ్మిరి చేతులతో నేను కలిపింది ఆయన కలిపినదానికన్నా నయం కాదులే. ఇద్దరి ఒళ్ళోనూ మెతుకులు పడ్డాయి.

దసరాకు రా. కానీ కోపంతో రాకు.

నీ వదిన,
కౌసల్య.


షోలాపూర్,
14-10-1996.

బంగారు వదినకు, ఈసారి కడుపు నిండా దండాలు పెట్టి సుమిత్ర రాసేది.

క్షమించమని అడగను, అడిగితే నువ్వు నవ్వుతావు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, రెండోసారి ఏడ్చాను, మూడోసారి మా ఆయనకు గట్టిగా చదివి వినిపించాను, ముఖ్యంగా "నీ పెండ్లాం చేతులు" అన్న దగ్గర. ఆ రోజు నుంచి ఆయన నీళ్ళ బిందెలు తానే మోస్తున్నాడు.

అన్నకు వేరే ఉత్తరం రాశాను. తిట్లన్నీ వాపసు తీసుకున్నాను.

ఇక్కడ మాత్రం ఒక చిక్కు వచ్చింది. నీ జవాబు వచ్చేలోగానే మా అత్తమ్మ, ఇంద్రేశంలో నా అన్న మీదికి ఎల్లమ్మ తల్లి వచ్చిందని గల్లీ అంతా చెప్పేసింది. ఇప్పుడు అసలు సంగతి చెబితే ఎవరూ నమ్మడం లేదు. పిల్లలు లేని ఒకామె, ఉద్యోగం లేని ఒకాయన దర్శనానికి బస్సు ఎన్ని గంటలకని అడుగుతున్నారు. నేను చేతులు జోడించి ఆపుతున్నాను. ఒకవేళ ఎవరైనా కొబ్బరికాయలతో వాకిట్లోకి వస్తే అన్నను దాచిపెట్టు.

మిల్లులో సెలవు ఇవ్వలేదు, దసరాకు రాలేము. యాదన్న లారీలో రెండు చద్దర్లు పంపుతున్నాను. ఒకటి నీకు, ఒకటి అన్నకు. పూలది అన్నకివ్వు.

చేతులు ఎట్లా ఉన్నాయో వేలు వేలుకూ విడివిడిగా రాయి.

నవ్వు ఆగని,
సుమిత్ర.


ఇంద్రేశం,
1-12-1996.

ప్రియమైన సుమిత్రకు, నీ వదిన కౌసల్య నిమ్మళంగా కూర్చుని రాస్తున్నది.

చద్దర్లు అందాయి. పూలది ఆయన ఎవరికీ ఇవ్వడం లేదు.

వేలు వేలుకూ రాయమన్నావు. బొటనవేలికి తెలివి వచ్చింది. చూపుడు వేలుకు మొన్న మిరపకాయలు తరుగుతుంటే మంట తెలిసింది. అంత సంతోషంగా ఎవరూ మంట అని అరిచి ఉండరు. నడిమి వేలు కొసన మాత్రం ఇంకా కొద్దిగా మొద్దు ఉంది. డాక్టరమ్మ చూసి, సూది అవసరం లేదన్నది. పట్టీ ఇంకొన్నాళ్ళు కట్టుకోమన్నది. కావాలంటే ఒకటి రెండు బర్రెలు పిండుకోవచ్చు, నాలుగూ మాత్రం మళ్ళీ నెత్తిన వేసుకోవద్దన్నది. పాలు మానేసిన రెండిళ్ళవాళ్ళూ మళ్ళీ చెంబులు పట్టుకొని వస్తున్నారు. ఏమీ ఎరగనట్టు వాళ్ళు అడుగుతారు, ఏమీ ఎరగనట్టు నేను పోస్తాను.

ఇవాళ పొద్దున స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకొని, పెళ్ళికి పోతున్నట్టు కొట్టంలోకి పోయాను. సుక్కి కింద కూర్చున్నాను. "దా సుక్కమ్మా" అన్నాను. అది తిరిగి నన్ను చూసింది. తోక విసిరింది. కాలు ఎత్తి పక్కన పెట్టింది. చేపలేదు.

దాణా పెట్టాను. నిమిరాను. నా చీరే, నా గొంతే, నా చేతులే. అయినా చేపలేదు. సుమిత్రా, నువ్వే చెప్పు. మా అమ్మ ఇచ్చిన బర్రె బిడ్డ. నన్ను కాదంటుందా?

మీ అన్న పళ్ళు తోముకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వేపపుల్ల పారేశాడు. ఇప్పుడు చీర లేదు, ఉత్త బనీను, లుంగీ. నన్ను జరగమని కూర్చుని వేళ్ళు తడిపాడో లేదో, సుక్కి ధారలు వదిలింది. ఆయన ముఖం చూడాలి నువ్వు. బాయిలరు దగ్గర ప్రమోషను ఇచ్చినా అంత వెలగడు. "పార్టీ మార్చింది దొంగముండ" అన్నాను. ఆయన పొదుగు మీంచి తల ఎత్తకుండా, "కోపం జేయకే. నీకు సెలవిచ్చింది, తీస్కో" అన్నాడు.

ఏం చేయాలో తోచలేదు. లోపలికి పోతే పొయ్యి ఉంది, బయటికి పోతే గడ్డి ఉంది. ఎటూ పోకుండా కొట్టం అరుగు మీద కూర్చున్నాను. చలి సన్నగా ఉంది. అప్పుడు సర్వలో పాలు పడే చప్పుడు వినబడింది. మొదట అడుగున టంగుమని, తర్వాత నురుగు లేచేకొద్దీ మెత్తగా, బరువుగా. పెళ్ళయిన నాటి నుంచీ ఆ చప్పుడు చేస్తూనే ఉన్నాను గానీ, ఊరికే కూర్చుని విన్నది ఇవాళే. చాలా బాగుంటుంది సుమిత్రా.

మీ అందరి క్షేమం కోరుతూ,
కౌసల్య.